యోబు సారు పెట్టెకు పేజీ కొలత

తార ఏం ఉద్యోగం చేస్తుందో ఆమె సొంతూరు ఎల్లారెడ్డిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. టీచరంటే తెలుసు, నర్సంటే తెలుసు, బ్యాంకులో క్లర్కంటే మరీ బాగా తెలుసు. కామారెడ్డిలో అద్దె ఇంట్లో, వంటగది పక్కన చిన్న గదిలో ఫ్యాను కింద కూర్చుని, హైదరాబాదులో ఉన్న కంపెనీకి పనిచేసే మనిషిని ఏమని చెప్పుకోవాలి? "కంప్యూటర్ల ఉంటది" అంటారు. అదేదో ఊరి పేరైనట్టు.

వాళ్లమ్మ నాగవ్వకు మాత్రం ఆ తడబాటు లేదు. "మా తార నా పనే చేస్తది. నేను చాట ఒళ్లె పెట్టుకొని తునికాకు కోస్త, అది కంప్యూటర్ల కోస్తది" అని బీడీలు చుట్టే ఆడవాళ్లందరి ముందూ ధీమాగా చెబుతుంది. వాళ్లు పడీ పడీ నవ్వుతారు. తార నవ్వదు. ఆ మాట తల్లికి నేర్పింది తనే.

నిజానికి అది అంత తప్పుడు మాటేం కాదు. ఫోను కానీయండి, పెద్ద కంప్యూటరు కానీయండి, దాని ఆపరేటింగ్ సిస్టమ్ నడిమధ్యలో కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. లోపల నడిచే ప్రోగ్రాములన్నిటికీ మెమరీ పంచిపెట్టేది అదే. అడిగినవాళ్లకు అడిగినంత చింపి ఇవ్వదు. నాగవ్వ కొలత రేకు పెట్టి తునికాకు కోసినట్టు, మెమరీని అంతటినీ ఒకే కొలత ముక్కలుగా కోసి పెట్టుకుని ఇస్తుంది. ఆ ముక్కనే పేజీ అంటారు. ముక్క చిన్నదైతే వృథా తక్కువ, కానీ అన్ని ముక్కల లెక్క చూసుకోలేక కెర్నెల్‌కు ఊపిరాడదు. పెద్దదైతే పని చకచకా సాగుతుంది, కానీ చిటికెడు అవసరానికి కూడా అంత ముక్కా పోతుంది. కొన్ని జాతుల ప్రాసెసర్లకు నాలుగు కిలోబైట్ల ముక్క తప్ప ఇంకోటి తెలియదు. కొన్ని మాత్రం నాలుగైనా సరే, పదహారైనా సరే, అరవైనాలుగైనా సరే అంటాయి. ఏది కావాలో కెర్నెల్‌ను తయారుచేసేటప్పుడే తేల్చుకోవాలి. ఒకసారి నడవడం మొదలయ్యాక కొలత మార్చడం కుదరదు.

తార కంపెనీలో మూడు జాతుల ప్రాసెసర్లు వాడతారు. ఒక్కో జాతికి ఒక్కో గుంపు ఇంజనీర్లు పనిచేసి వెళ్లిపోయారు. పేజీ కొలతను ఒకరు నేరుగా అంకె వేసి రాస్తే, ఇంకొకరు దానికో ముద్దుపేరు పెట్టారు, మూడోవాళ్లు ఎవరికీ అర్థం కాని లెక్కగా రాసి పెట్టారు. వాటన్నిటినీ ఒక దారికి తేవడం తార పని. ఏ ప్రాసెసరు ఏయే కొలతలు చేయగలదో అది చెప్పాలి. అందులో ఏది కావాలో ఒక్కచోట ఎంచుకోవాలి. మిగతా కోడంతా అక్కడికే వచ్చి అడిగి తెలుసుకోవాలి. చూసేవాళ్లకు ఇందులో గొప్పేమీ కనిపించదు. తారకు మాత్రం చిక్కుపడ్డ దారం కండెకు చుట్టుకున్నంత హాయిగా ఉండేది.

ఈ పని చేయడం తనకు ఎవరి పుణ్యాన వచ్చిందంటే ఆమె తడుముకోకుండా యోబు సారు పేరు చెబుతుంది.

యోబు సారుది రామారెడ్డి అనే ఊరు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో చూపు పోయింది. పట్టుబట్టి చదువుకుని, సాంఘికశాస్త్రం టీచరై ఎల్లారెడ్డి బడికి వచ్చాడు. అప్పటికి తార తొమ్మిదో తరగతి. క్లాసులో ఆయన పుస్తకం ముట్టుకునేవాడు కాదు. పాఠమంతా నోటితోనే చెప్పేవాడు. సారుకు అన్నీ నోటికి వస్తాయని పిల్లలు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఊరికే రావని తారకు తెలుసు. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి మర్నాటి పాఠం చదివి వినిపించేది ఆమే.

ఆ ఏర్పాటు సారు భార్య భాగ్యశ్రీది. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. కూడబలుక్కుని చదువుతుంది. "నాగవ్వక్కా, మీ తార గొంతు మంచిగుంటదట. సారుకు జెర చదివిపెడ్తదా?" అని ఇంటికి వచ్చి అడిగింది. ఆ కాసేపు ఇంట్లో ఉంటే బిడ్డ బీడీలకు దారం చుట్టేది కదా అని నాగవ్వ మనసులో గునిసింది గానీ, కాదనలేకపోయింది.

చదవడమంటే గడగడా అప్పజెప్పడం కాదు. సారు మధ్యలో చెయ్యి ఎత్తేవాడు. "ఆగు. అట్లెందుకు?" అనేవాడు. మంజీర మీద ప్రాజెక్టు అక్కడే ఎందుకు కట్టారు? ఈ పక్క వరి, ఆ పక్క మక్క ఎందుకు? తార తెలిసినట్టే మొదలుపెట్టేది. చెబుతూ చెబుతూ తనకే తెలియదని అర్థమై నోరు మూసుకునేది. సారు తిట్టేవాడు కాదు, తొందరపెట్టేవాడు కాదు. టీ గ్లాసు పట్టుకుని, మొహం ఆమె వైపు పెట్టి, ఆమెకు అర్థమయ్యేదాకా వినేవాడు. అంత ఓపికగా తన మాట విన్న మనిషి తారకు అంతకు ముందు లేడు. ఇంజనీరింగులో చేరాక ఆమెకు తెలిసివచ్చింది, తాను ఆయనకు చదివిపెట్టలేదని, ఆయనే తనకు చదువు పెట్టాడని. ఇప్పటికీ పనిలో చిక్కు వస్తే గదిలో ఒక్కతే కూర్చుని సారుకు చెబుతున్నట్టు పైకి చెప్పుకుంటుంది. ఇంటి ఓనరమ్మ ఫోనులో మాట్లాడుతోందనుకుంటుంది.

ఒకరోజు చదువుతూ తార ఆవులించింది. సారు వెంటనే పుస్తకం మూయమన్నాడు. "చాలు బిడ్డా, ఇంటికి పో. అడిగి చదివించుకునుడు ఎట్లుంటదో నీకు తెల్వది. నాకు చదువుకోవాలె అనిపిస్తే ముందుగాల ఇంకొకళ్ల తీరిక చూసుకోవాలె" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఆమెను వదలలేదు.

కాబట్టి చూపు లేనివాళ్లకు చదివి వినిపించే పెట్టెలు తయారుచేసే కంపెనీ అని వినగానే, ఎక్కువ జీతం ఆశ చూపిన ఇంకో ఉద్యోగం కాదని తార అందులో చేరింది. ఆ పెట్టె చూడడానికి పాతకాలం రేడియో అంత ఉంటుంది. పైన వంగిన కొమ్మకు కెమెరా. కింద పుస్తకం తెరిచి పెట్టి మీట నొక్కితే పెట్టె పైకి చదువుతుంది. చదవడానికి ఒక మీట, ఆపడానికి ఒకటి, మళ్లీ చదవడానికి ఒకటి. ఫోనులో చదివే గొంతు లేదా అంటే ఉంది. నున్నటి అద్దం మీద ఏ మూల ఏముందో వెతుక్కోవడం సారుకు పడదు. చేతికి తగిలే మీట కావాలి ఆయనకు. పెట్టె సారు ఇంటికి వచ్చిన రోజు భాగ్యశ్రీ అన్నం వడ్డించి పిలిచి పిలిచి విసిగిపోయిందట. ఆ రోజు నుంచి సారు చదువుకోవడానికి ఎవరినీ అడగలేదు. పాఠాలన్నీ పెట్టెలోనే దాచుకున్నాడు. ఏళ్లు గడిచాయి.

ఇక అసలు సంగతి. మొన్నటి చలికాలంలో తార పని ఒక కొలిక్కి వచ్చింది. పెట్టెలో ఉన్న ప్రాసెసరు మూడు కొలతలూ చేయగలిగిన రకం. ఇన్నాళ్లూ నాలుగు కిలోబైట్ల పేజీలతో నడిచింది. పదహారుకు మారిస్తే పుస్తకం పేజీ తిప్పగానే చదవడం మొదలుపెడుతోంది, మధ్యలో ఆ నసుగుడు లేదు. అందరికీ నచ్చింది. టీం లీడు అభిలాష్ "ఒక్కటే కొలత ఉంచుదాం, చూడ్డానికి శుభ్రంగా ఉంటది" అన్నాడు. ఆ పెట్టె వరకు తార పేజీ కొలతల జాబితాలోంచి నాలుగును తీసేసింది. పరీక్షలు జరిగాయి. అన్నీ పాసయ్యాయి. అందరికంటే ముందు సారుకే ఎక్కించాలని ఆమె కోరిక. ఎవరి వల్ల వచ్చిన పనో వాళ్ల ఇంట్లోనే మొదలుపెట్టాలనుకోవడం మన వాళ్లందరికీ ఉన్న జబ్బే.

ఆదివారం తాడ్వాయి మీదుగా పోయే బస్సెక్కి ఎల్లారెడ్డి చేరింది. సారు అప్పుడే చర్చి నుంచి వచ్చాడు. తార తన ల్యాప్‌టాప్ కలిపి కొత్తది ఎక్కించింది. మీట నొక్కింది. పెట్టె ఇంగ్లీషులో నమస్కారం చెప్పి, బల్ల మీదున్న డిక్షనరీ పేజీని గుక్క తిప్పుకోకుండా చదివేసింది.

"ఏందమ్మా గింత జోరుగున్నది! దీనికి రెక్కలొచ్చినయా?" అని సారు మురిసిపోయాడు. తార ఇంకా మురిసిపోయింది. భాగ్యశ్రీ పెట్టిన కోడికూర తిని, తన అవ్వ నాగవ్వను చూసుకుని, తిరుగు బస్సెక్కింది.

మర్నాడు పొద్దున సారు ఫోను.

"తారా, నీ పెట్టె ఇంగ్లీషు మీడియంల చేరిందే!"

"ఏమైంది సార్?"

"తెలుగు పుస్తకం పెడితే పలుకుతలేదు. ఇంగ్లీషైతే దంచుతున్నది. మీట తప్పు నొక్కుతున్ననా ఏందని నిన్నటి సంది చూస్తున్న."

 తార పరీక్షకని తన గదిలో పెట్టుకున్న పెట్టెకు తెలుగు కాగితం చూపించింది. మౌనం. ఇంకోటి చూపించింది. అదే మౌనం. అప్పుడు గాని ఆమెకు తట్టలేదు. పరీక్ష చేసిన వాళ్లలో ఒకరిది కామారెడ్డి, ఒకరిది వరంగల్, ఒకరిది నల్గొండ. ఇంట్లో తెలుగు, క్యాంటీనులో తెలుగు, తిట్టుకుంటే తెలుగు. పెట్టెను పరీక్షించేటప్పుడు మాత్రం అందరికందరూ ఇంగ్లీషు కాగితమే పెట్టారు. కంప్యూటరు ముందు కూర్చోగానే ఇంగ్లీషులోకి మారిపోవడం వాళ్ల వేళ్లకు అలవాటైపోయింది. తెలుగు పుస్తకాలు కూడా చదవాలని చేసిన పెట్టెను తెలుగువాళ్లే తెలుగులో పరీక్షించలేదంటే వింటున్నవాళ్లకు నవ్వు రావచ్చు. తారకు ఏడుపు వచ్చింది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంగ్లీషు గొంతు కొత్తగా తయారైనది, ఏ కొలత పేజీలోనైనా సర్దుకుంటుంది. తెలుగు గొంతు పాతది. నాలుగు కిలోబైట్ల గట్ల మీద కూర్చునేలాగే దాన్ని తయారుచేశారు. పదహారు కిలోబైట్ల పేజీల్లో దానికి కాలు మోపే చోటు దొరకదు, అందుకే కెర్నెల్ దాన్ని లోపలికే రానివ్వడం లేదు. మళ్లీ తయారుచేద్దామంటే చేసిన చిన్న సంస్థ మూతపడింది. తయారైన ప్రోగ్రాము ఉంది గానీ దాని అసలు కోడు ఎవరి దగ్గరా లేదు. పోనీ సారు పెట్టెలో పాత సిస్టమే తిరిగి ఎక్కిద్దామంటే, కొత్తదానితో పాటు పుస్తకాలు దాచే పద్ధతి కూడా మారిపోయింది. వెనక్కి పోతే సారు ఇన్నేళ్లుగా దాచుకున్న పాఠాలన్నీ పోతాయి.

"ఏం తొందర లేదు బిడ్డా. మెల్లగ చూడు. భాగ్యశ్రీ చదువుతున్నది" అన్నాడు సారు. వెనకనుంచి భాగ్యశ్రీ ఒక్కో అక్షరం పట్టుకుని చదవడం, సారు "ఊ, ఊ" అనడం ఫోనులో వినిపిస్తూనే ఉంది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. అడక్కుండా చదువుకునే మనిషిని తాను మళ్లీ అడిగి చదివించుకునేలా చేసింది. ఆయన ఒక్క మాట తిట్టినా బాగుండుననిపించింది తారకు.

అభిలాష్‌కు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను చెడ్డవాడేం కాదు, కానీ అతని తలనొప్పులు అతనివి. "తారా, తెలుగు గొంతు వాడేటోళ్లు కొద్దిమందే. వేరే తెలుగు గొంతు చూసి పెడదాం. కొంచెం టైం పడతది" అన్నాడు.

"ఎంత?"

"ఎండాకాలం దాటొచ్చు."

"అప్పటికి పరీక్షలు అయిపోతయి అభిలాష్. ఆ ప్రాసెసరుకు నాలుగు కూడా వచ్చు. మనమే వద్దన్నం. జాబితాల మళ్ల పెడత. మామూలు పెట్టెలకు పదహారు, తెలుగు గొంతున్న పెట్టెలకు నాలుగు. ఎంచుకునేది ఒక్కచోటనే కాబట్టి మార్పు చిన్నదే."

"మార్పు చిన్నదే. టెస్టింగు రెండింతలు. ప్రతిసారీ రెండు కెర్నెల్లు పరీక్ష చేయాలె. ఎవరు చేస్తరు?"

"నేను చేస్త."

 అభిలాష్ మెల్లగా అన్నాడు, "మొన్న కూడ నువ్వే చేసినవ్ కద. నేను కూడ చూసిన, అందరం చూసినం. మన చెవులు ఇంగ్లీషువి అయిపోయినయ్. రోజూ తెలుగుల వినేటోళ్లు ఎవరన్న ఉంటే చెప్పు, సరే అంట."

ఉన్నారు. కానీ ఏ మొహం పెట్టుకుని అడగాలి? గొంతు పోగొట్టిన మనిషే వచ్చి, సార్, నా పని మీరు సరిచూడండి అంటే ఎలా ఉంటుంది? ఆ వారమంతా పెట్టెకు నాలుగు కిలోబైట్ల కెర్నెల్ తయారుచేస్తూ తార ఆ మాట మింగుతూ కక్కుతూ గడిపింది. శనివారం ఎల్లారెడ్డి వెళ్లి, గడపలోనే నిలబడి అడిగేసింది.

సారు మొహం వెలిగిపోయింది. "నన్నా? కంపెనీ పనికి నన్ను అడుగుతున్నవా?" అన్నాడు. "భాగ్యశ్రీ, విన్నవా! ఇన్నొద్దులు మనం ఒకళ్లను అడుగుడే కద, ఇయ్యాల మనల్ని అడుగుతున్నరు." అప్పుడు తార కళ్ల నీళ్లు ఆపుకోలేదు. సారుకు కనిపించవని కాదు, ఆపుకోవాలని అనిపించలేదు.

కొత్త కెర్నెల్ ఎక్కించింది. ఈసారి సాంఘికశాస్త్రం పుస్తకమే పెట్టింది. మీట నొక్కగానే పెట్టె గొంతు సవరించుకున్నట్టు చిన్నగా చప్పుడు చేసి తెలుగులో మొదలుపెట్టింది. ఎన్నో రోజులకు ఇంటికి వచ్చిన మనిషి మాట విన్నట్టయింది తారకు. "వచ్చింది సార్, వచ్చింది!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

సారు చెయ్యి ఎత్తాడు. "ఆగు. మంజీర ఒడ్డుకు ఒంటెలు ఎప్పుడొచ్చినయ్?"

"ఏంది సార్?"

సారు మళ్లీ చదివే మీట నొక్కాడు. పెట్టె ఏ మాత్రం సిగ్గు లేకుండా చదివింది: మంజీర నదికి ఇరువైపులా ఉన్న నల్లరేగడి నేలల్లో ఇసుక తుఫానుల వల్ల ప్రజలు ఒంటెలపై ప్రయాణిస్తారు. భాగ్యశ్రీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. తార పుస్తకంలోకి వంగి చూసింది. మంజీర పై పేరాలో ఉంది, ఎడారి కింది పేరాలో ఉంది. పెట్టె చదివినదాంట్లో మధ్యలో కొన్ని వరసలు మాయమయ్యాయి. గొంతు వచ్చిందన్న సంబరంలో గొంతు ఏమంటోందో ఆమె వినలేదు.

"సరే, కూసో" అన్నాడు సారు. "అసలు నువ్వేం మార్చినవో నాకు చెప్పు. ఊకె తెల్వక ఎట్ల చూడాలె?"

తార కింద కూర్చుంది. మెమరీ అంటే ఏమిటి, పేజీ అంటే ఏమిటి చెప్పింది. అవ్వ కోసే ఆకు సంగతి చెబితే సారు ఇట్టే పట్టుకున్నాడు. నాగవ్వ పదేళ్ల కింద ఒక కార్ఖానా వదిలి ఇంకో కార్ఖానాకు చుట్టడం మొదలుపెట్టిన సంగతి కూడా చెప్పింది. అక్కడ బీడీ పొట్టిది, ఆకు కూడా పొట్టిగా కోయాలి. రేకు మార్చుకుంది కానీ చాలారోజులు చెయ్యి పాత కొలతకే పోయేది.

"మరి నీ దాంట్ల కొలత ఎవరు చెప్తరు?"

"ఒక్కచోట రాసుంటది సార్. ఎవరికి కావాలన్నా అక్కడికే వచ్చి అడగాలె. నేను అట్లనే చేసిన. ప్రాసెసరు అడుగుతది, మెమరీ పంచేది అడుగుతది, డిస్కు అడుగుతది, కెమెరా కూడ వచ్చి..."

తార ఆగిపోయింది. సారు ఏమీ అనలేదు. టీ గ్లాసు పట్టుకుని, మొహం ఆమె వైపు పెట్టి, ఊరికే వింటున్నాడు.

కెమెరా అడగదు. కెమెరా కోడు తార రాసింది కాదు, బయటినుంచి వచ్చింది. పదహారుకు మారినప్పుడు దాన్ని తెచ్చిన వాళ్లు అందులో పదహారు అని నేరుగా అంకె వేసేశారు. అవ్వ చెయ్యిలాగే అది ఎవరినీ అడక్కుండా తన అలవాటు కొలతకే కోసుకుపోతోంది. కింద పేజీలు నాలుగువి, అది వాటిని పదహారువి అనుకుని కాగితం బొమ్మను పరుస్తోంది. మధ్యలో ముక్కలు తప్పిపోతున్నాయి. ఆ ఖాళీల వల్లనే మంజీర కిందికి, ఎడారి పైకి వచ్చి కలిసిపోయాయి.

"దొరికింది సార్" అంది తార.

"నేనేం అనలేదు" అన్నాడు సారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"మీరు విన్నరు కద సార్. అదే."

అంతకంటే బాగా ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. కృతజ్ఞత నోటితో చెప్పే అలవాటు ఆ ఇండ్లలో లేదు, థాంక్స్ అంటే పరాయివాళ్లకు చెప్పినట్టుంటుంది. అక్కడే కింద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, కెమెరా కోడులో ఉన్న అంకె తీసేసి, అది కూడా మిగతావాళ్లలాగే ఒక్కచోటికే వచ్చి కొలత అడిగేలా మార్చి, పెట్టెలో మళ్లీ ఎక్కించింది. ఈసారి పెట్టెకు పుస్తకంలో ఉన్న పాఠం ఒకటి, పాత దినపత్రిక ఒకటి, చర్చి పాటల పుస్తకం ఒకటి పెట్టారు. సారు ప్రతిదీ చివరిదాకా విన్నాడు. భాగ్యశ్రీ పక్కన కూర్చుని వేలు పెట్టి వరసవరసా సరిచూసింది. మంజీర మంజీరగానే పారింది, ఒంటెలు రాజస్థాన్‌కు వెళ్లిపోయాయి.

తార మార్పును కంపెనీకి పంపింది. కాసేపటికి అభిలాష్ దగ్గర నుంచి సందేశం వచ్చింది. "బాగుంది, తీసుకుంటున్నం. పద్ధతి ప్రకారం మార్పు కింద పరీక్షించినవాళ్ల పేరు ఉండాలె కద. ఎవరి పేరు?"

కెర్నెల్ పనిలో అదొక మంచి ఆచారం. ఎంత చిన్న మార్పైనా, రాసిన వాళ్ల పేరుతో పాటు దాన్ని నడిపి చూసిన వాళ్ల పేరు కూడా కింద రాస్తారు. తర్వాత ఎవరు ఎప్పుడు తెరిచి చూసినా ఆ పేరు అక్కడే ఉంటుంది. తార ఆ వరస రాసింది. పైనున్నదంతా ఇంగ్లీషులో ఉన్నా, పేరు దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి మార్చి రాసింది. తెలుగు వద్దని అభిలాష్ అనలేదు.

సారుకు చూపించాలని ఆమెకు తొందర పుట్టింది. చూపించడమంటే ఏమిటని మళ్లీ తనే నాలుక కరుచుకుంది. బస్టాండు దగ్గర జిరాక్సు షాపుకు వెళ్లి ఆ ఒక్క కాగితం ప్రింటు తీయించుకుని పరుగులాంటి నడకతో తిరిగి వచ్చింది.

"సార్, మీ పేరు వేసిన్రు. ఇనుండ్రి, చదువుత" అని కాగితం ఎత్తి పట్టుకుని గొంతు సవరించుకుంది.

సారు చెయ్యి చాచాడు. "తే బిడ్డా. నేను చదువుకుంట."

తార కాగితం ఆయన చేతికి ఇచ్చింది. సారు దాని అంచులు వేళ్లతో తడిమి, కెమెరా కింద సరిగ్గా పెట్టి, మీట నొక్కాడు. పెట్టె ఇంగ్లీషు గొంతుతో పేజీల కొలతల గురించి, ప్రాసెసర్ల గురించి ఆయనకు సగం అర్థమయ్యీ సగం కానట్టు చదువుకుంటూ పోయింది. చివరి వరసకు వచ్చి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తెలుగు గొంతు అంది: యోబు, ఎల్లారెడ్డి.

వంటింట్లో భాగ్యశ్రీ గిన్నె కింద పెట్టేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.  సారు వేలితో తడుముకుంటూ మళ్లీ చదివే మీట వెతికి నొక్కాడు.